పొలిటికల్ సైన్స్ డిగ్రీ చౌక, ఎదురుచూపు ఖరీదు

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం నుంచి డిగ్రీ సీట్లు నిండేదాకా, అనంతపురంలో పొలిటికల్ సైన్స్ చెప్పే నాలాంటివాళ్ళను తల్లిదండ్రులు అడిగేది ఒకటే. "సార్, మావాడు బీయేలో పొలిటికల్ సైన్స్ తీసుకుంటానంటాండాడు. అది సదివితే ఏమొస్తాది?"

ఇలా అడిగేవాళ్ళను చూసి నొచ్చుకునే పెద్దలున్నారు. చదువును డబ్బుతో కొలుస్తారా అంటారు. నేను వాళ్ళ పక్షం కాదు. శనక్కాయ విత్తి వాన కోసం చూసే ఇంట్లో, ధర్మవరంలో మగ్గం మీద వచ్చే కూలితో నెల గడిపే ఇంట్లో, పిల్లవాడి మూడేళ్ళు దేనికి పోతున్నాయో అడగడం బాధ్యత. అడగాల్సిందే. ఈ సబ్జెక్టే నాకు అన్నం పెడుతోంది కాబట్టి నా మాటను ఆ మేరకు తగ్గించి వినండి. కానీ వినండి.

మన జిల్లాల్లో పొలిటికల్ సైన్స్ డిగ్రీ మీద పడుతున్న నింద చాలావరకు ఆ డిగ్రీది కాదు. డిగ్రీ అయ్యాక ప్రభుత్వోద్యోగాల గ్రూప్స్ పరీక్షల కోసం గదుల్లో కూర్చునే ఏళ్ళది. ఈ రెండు ఖర్చులనూ మనం ఒకే పద్దులో రాస్తున్నాం. పాతికేళ్ళు దాటినా సంపాదన లేని కొడుకును చూపించి "బీయే చదివి చెడిపోయినాడు" అంటారు. వాడు బీయే మూడేళ్ళు చదివాడు, ఆ తర్వాత ఐదేళ్ళు నోటిఫికేషన్ కోసం చూశాడు. వాణ్ణి తినేసింది ఆ ఐదేళ్ళు. పద్దులు విడదీసి చూస్తే తప్ప ఈ చదువు లాభమో నష్టమో ఎవరూ చెప్పలేరు.

ముందు డిగ్రీ పద్దు చూద్దాం. అనంతపురం ఆర్ట్స్ కాలేజీ 1916లో సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజీగా మొదలైంది. కర్నూల్లో సిల్వర్ జూబ్లీ, కేవీఆర్ మహిళా కాలేజీ, ఉస్మానియా కాలేజీ ఉన్నాయి. కడపలో ప్రభుత్వ పురుషుల కాలేజీ ఉంది. ప్రభుత్వ కాలేజీలో బీయే ఫీజు ఏడాదికి కొన్ని వేలు. అర్హత ఉన్న కుటుంబానికి అదీ రీయింబర్స్‌మెంట్‌లో పోతుంది. వసతి ఖర్చు కింద డిగ్రీ పిల్లలకు ఏడాదికి 20,000 ఇచ్చే పథకం 2020 ఫిబ్రవరిలో వచ్చింది. ఇక జేబులోంచి పెట్టేది బస్ పాసు, ఫోను రీచార్జి, పరీక్ష ఫీజు, నోట్సు జిరాక్సులు, మధ్యాహ్నం తిండి. నా దగ్గర చదివిన పిల్లల ఇళ్ళల్లో నేను అడిగి తెలుసుకున్నంతలో ఇది నెలకు పదిహేను వందల నుంచి రెండు వేలు. మూడేళ్ళకు అరవై, డెబ్భై వేలు. కన్వీనర్ కోటాలో ఇంజనీరింగ్ సీటు వచ్చినా ప్రైవేటు కాలేజీ ఫీజు ఏడాదికి నలభై వేల నుంచి లక్ష దాకా ఉంటుంది, హాస్టల్ వేరు. ఆ లెక్కన మన రాష్ట్రంలో దొరికే చదువుల్లో బీయే కంటే చౌకైనవి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

ఈ పద్దులో కనబడని ఖర్చు ఒకటుంది. ప్రైవేటు కాలేజీలో చేరినప్పుడు రీయింబర్స్‌మెంట్ వాయిదా ఆలస్యమైతే, ఫీజు కట్టేదాకా టీసీ, సర్టిఫికెట్లు ఇవ్వమంటారు. పీజీ కౌన్సెలింగ్ దగ్గర పడుతుంటే తండ్రి వడ్డీకి తెచ్చి కడతాడు. డబ్బు తర్వాత ఎప్పుడో ఖాతాలో పడుతుంది, వడ్డీ మాత్రం ఎవరూ తిరిగివ్వరు. పీజీ సంగతి ఇంకా కష్టం. 2020 డిసెంబరులో వచ్చిన జీఓ 77తో ప్రైవేటు కాలేజీల్లో పీజీ చేసేవాళ్ళకు రీయింబర్స్‌మెంట్ ఆపేశారు. అందుకే నేను అడిగినవాళ్ళకు మొదట చెప్పేది: బీయే అయినా ఎంఏ అయినా ప్రభుత్వ కాలేజీలో, యూనివర్సిటీ క్యాంపస్‌లో సీటు వస్తేనే చేరండి. 2018లో అనంతపురానికి సెంట్రల్ యూనివర్సిటీ వచ్చింది. దానికి సీయూఈటీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. డిగ్రీ స్థాయి సీయూఈటీని తెలుగులో రాయొచ్చన్న సంగతి ఊళ్ళల్లో చాలామందికి ఇప్పటికీ తెలియదు. తెలియక దరఖాస్తు గడువు దాటబెట్టుకుంటున్నారు.

ఇప్పుడు రెండో పద్దు.

డిగ్రీ చేతికొచ్చాక మనవాడు హైదరాబాద్ బస్సెక్కుతాడు. అశోక్ నగర్లోనో చిక్కడపల్లిలోనో నలుగురు కలిసి ఒక గది. అద్దె వాటా, మెస్, స్టడీ హాల్, మెటీరియల్, పండక్కి ఇంటికొచ్చి పోయే చార్జీలు కలిపితే నెలకు పదివేలకు తగ్గదు. మూడేళ్ళకు 3,60,000. ఒక్కసారి కోచింగ్‌కి యాభై వేలు కట్టాడనుకుందాం, 4,10,000 అయింది. ఇంట్లో ఉన్నా తిండి తినేవాడే కదా అంటారు. నిజమే, నెలకు నాలుగు వేల చొప్పున 1,44,000 తీసేద్దాం. మిగిలేది 2,66,000. ఇది మనం చూసే ఖర్చు. చూడనిది ఇంకొకటి. ఆ మూడేళ్ళూ ఏదో ఒక పని చేసి నెలకు పన్నెండు వేలు తెచ్చుకునేవాడు. అది 4,32,000. రెండూ కలిపితే ఏడు లక్షలకు రెండు వేలు తక్కువ. మూడేళ్ళ డిగ్రీకి పెట్టినదానికి ఇది సుమారు పది రెట్లు.

ఈ పదివేలు ఇంటి నుంచి ఎలా వస్తాయో కూడా చూడాలి. 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 300. కొడుక్కి నెలకు పదివేలు పంపాలంటే తల్లి ముప్పైమూడు రోజులు గంప మోయాలి. నెలకు అన్ని రోజుల్లేవు. ఆ ఏడాది ఒక ఇంటికి హామీ ఇచ్చిన 100 రోజుల పనీ, పూర్తి కూలితో దొరికినా, ముప్పై వేలు. అది హైదరాబాద్‌లో మూడు నెలలు. మిగతా తొమ్మిది నెలలకు పొలం, గొర్రెలు, అప్పు. ఎక్కువగా అప్పు.

ఇంత పెట్టి ఎదురుచూసేది దేనికోసం? గ్రూప్-2 నోటిఫికేషన్ 2018 డిసెంబరు ఆఖర్లో వచ్చింది. ఆ తర్వాతది 2023 డిసెంబరులో. మధ్యలో ఐదేళ్ళు. ఆ 2023 నోటిఫికేషన్లో 897 పోస్టులు ఉంటే దరఖాస్తులు 4.83 లక్షలు. పోస్టుకు ఐదువందల మందికి పైగా. ప్రిలిమ్స్ 2024 ఫిబ్రవరి 25న అయింది. మెయిన్స్ 2024 జూలై 28 అన్నారు, తర్వాత 2025 జనవరి 5 అన్నారు, చివరకు 2025 ఫిబ్రవరి 23న జరిగింది. ప్రిలిమ్స్‌కీ మెయిన్స్‌కీ మధ్య ఏడాది. ఈ ఏడాదంతా గది అద్దె నెలనెలా కట్టాల్సిందే. పరీక్ష వాయిదా వేసినప్పుడు ప్రభుత్వాలు అభ్యర్థుల విన్నపం అని చెబుతాయి. నిజంగా విన్నపాలు ఉంటాయి కూడా. కానీ ఒక్కో వాయిదాకీ 92,250 మంది మెయిన్స్ అభ్యర్థుల ఇళ్ళు ఎంత చెల్లించాయో ఎవరైనా లెక్క వేశారా?

మన వైపు రైతుకు ఈ బాధ తెలుసు. బోరు ఆరువందల అడుగులకు పోయినా తడి తగలకపోతే ఇంకో వంద అడుగులు దింపుదాం అంటాడు, ఇప్పటిదాకా పెట్టింది పోకూడదని. గదుల్లో కూర్చున్న పిల్లలదీ అదే పరిస్థితి. మూడేళ్ళు చదివినవాడికి నాలుగో ఏడు వదిలేయడం మొదటి ఏడు వదిలేయడం కంటే కష్టంగా ఉంటుంది. ఊరికి పోతే "ఏమప్పా, ఇంగా రాలేదా?" అంటారు. ఆ మాట పడలేక హైదరాబాద్‌లోనే ఉండిపోయేవాళ్ళను నేనెరుగుదును. చదవడం ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. ఉండడం ఒక్కటే మిగులుతుంది.

ఇక్కడే నా అసలు వాదన ఉంది. గ్రూప్-2కి ఏ డిగ్రీ అయినా చాలు. బీటెక్ చదివినవాడు, బీఫార్మసీ చదివినవాడు, బీకాం చదివినవాడు అందరూ అదే హాల్లో కూర్చుంటారు. మెయిన్స్ మొదటి పేపర్లో భారత రాజ్యాంగానికి 75 మార్కులు ఉన్నాయి కాబట్టి మన సబ్జెక్టు వాడికి అక్కడ కొంత సులువు. అంతే. మిగతా 225 మార్కులకు అందరూ సమానం. గ్రూప్స్ కొట్టడానికే పొలిటికల్ సైన్స్ చదవాలన్నది ఎంత తప్పో, గ్రూప్స్ రాలేదు కాబట్టి పొలిటికల్ సైన్స్ పనికిరాదన్నదీ అంతే తప్పు. ఆ ఐదువందల మందిలో రానివాళ్ళలో ఇంజనీర్లూ ఉన్నారు. వాళ్ళను చూసి ఇంజనీరింగ్ దండగ అని ఎవరూ అనరు, ఎందుకంటే వాళ్ళకు వెనక్కి పోయే దారి ఉందని నమ్మకం. పొలిటికల్ సైన్స్ వాడికి లేదని నమ్మకం. ఈ రెండో నమ్మకాన్నే నేను ఒప్పుకోను.

ఈ చదువు సొంతంగా తెచ్చే సంపాదన ఏమిటో చూద్దాం. పెద్దగా కనబడేది బోధన. ఎంఏ చేసి జూనియర్ లెక్చరర్ అయితే 2022 పే స్కేళ్ళ ప్రకారం బేసిక్ 57,100 నుంచి మొదలవుతుంది. యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు 57,700. వినడానికి బాగుంటాయి. కానీ ఈ పోస్టుల నోటిఫికేషన్లూ ఏళ్ళకేళ్ళు రావు. బీఈడీ చేసి సోషల్ టీచర్ అవుదామంటే 2018 డీఎస్సీ తర్వాత నియామకం దాకా వచ్చిన పెద్ద డీఎస్సీ 16,347 పోస్టుల 2025దే. ఏడేళ్ళు. మధ్యలో ప్రైవేటు జూనియర్ కాలేజీలు, గెస్ట్ పోస్టులు. గెస్ట్ అంటే గంటల లెక్కన జీతం, వేసవి సెలవులకు ఏమీ లేదు. నేను చూసినంతలో ప్రైవేటులో సివిక్స్ చెప్పేవాళ్ళకు పదిహేను వేలు దాటితే ఎక్కువే. ఎంపీసీ చెప్పేవాళ్ళ జీతంతో పోలిస్తే అందులో సగం కూడా ఉండదు. ఇది అన్యాయం, కానీ ఇదే ఉంది, తెలిసే చేరాలి.

అయితే మన పిల్లలు దాదాపు పట్టించుకోని దారి ఒకటుంది. యూజీసీ నెట్. కాలేజీలో పాఠం చెప్పే అర్హతకూ పరిశోధన ఫెలోషిప్‌కూ దేశమంతటికీ పెట్టే పరీక్ష. ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. మన సబ్జెక్టు మీదే 200 మార్కుల పేపర్, మిగతా 100 బోధన, పరిశోధన సామర్థ్యం మీద. జేఆర్ఎఫ్, అంటే పరిశోధన చేసేవాళ్ళకిచ్చే ఆ ఫెలోషిప్, వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000, రెండేళ్ళ తర్వాత 42,000. ఇంటి అద్దె భత్యం అదనం. మూడేళ్ళు చదివిన చదువుకే నేరుగా విలువ కట్టే పరీక్ష ఇది. గ్రూప్స్ లాగా ప్రభుత్వం ఎప్పుడు కరుణిస్తుందో అని చూడనక్కర్లేదు. ఎంఏ రెండో ఏడాదిలో ఉండగానే రాయొచ్చు. ఇంత తెలిసీ నా దగ్గర చదివిన పిల్లల్లో నెట్ రాసేవాళ్ళు గ్రూప్స్ రాసేవాళ్ళలో పదో వంతు ఉండరు.

ఎందుకు రాయరో నాకు తెలుసు. నెట్‌లో మన సబ్జెక్టు ప్రశ్నపత్రం ఇంగ్లీషులోనూ హిందీలోనూ వస్తుంది, తెలుగులో రాదు. మావాళ్ళు పదో తరగతి దాకా తెలుగులో చదివారు, ఇంటర్లో తెలుగు అకాడమీ పుస్తకం చదివారు. 2021-22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియం చేశారు. పుస్తకం ఇంగ్లీషులోకి మారింది, చదివే అలవాటు మారలేదు. పిల్లలు గైడ్లోని జవాబు బట్టీ పట్టి పాసవుతున్నారు. సార్వభౌమాధికారం మీద తెలుగులో గంట మాట్లాడగలిగే అమ్మాయి అదే విషయం మీద ఇంగ్లీషులో ఒక పేజీ రాయలేక వెనకబడుతోంది. పొలిటికల్ సైన్స్ సంపాదనకు అడ్డంగా ఉన్న గోడల్లో ఇదే ఎత్తైనది. మీడియం గురించి జరిగే గొడవలో ఏ వైపు ఉన్నా సరే, రోజుకు ఒక ఇంగ్లీషు సంపాదకీయం చదివి దాని సారాంశం తెలుగులో రాయడం మొదటి ఏడాది నుంచే చేయించాలి. నేను చేయిస్తున్నాను. రెండో ఏడాదికి తేడా కనబడుతుంది.

లా మరో దారి. బీయే తర్వాత మూడేళ్ళ ఎల్ఎల్‌బీ, లాసెట్ రాసి చేరాలి. కర్నూలు పక్కన పెద్దపాడులో పుట్టిన దామోదరం సంజీవయ్య లా చదివి న్యాయవాది అయ్యారు, 1960లో ముఖ్యమంత్రి అయ్యారు. ఆ పేరు చెప్పి పిల్లలను లాకి పొమ్మని ఉత్సాహపరచడం సులువు. కానీ లాయర్ తొలి ఏళ్ళు చాలా బక్కగా ఉంటాయి. జూనియర్ లాయర్లకు నెలకు 5,000 ఇచ్చే పథకం 2019లో తేవాల్సి వచ్చిందంటేనే ఆ ఆదాయం ఎంతో తెలుస్తోంది. సీనియర్ దగ్గర ఫైళ్ళు మోసి, వాయిదాలు రాసుకుంటూ నాలుగైదేళ్ళు నిలబడే వెసులుబాటు ఇంట్లో ఉంటేనే ఈ దారి. నిలబడగలిగితే మాత్రం, భూమి తగాదాలు ఇన్ని ఉన్న సీమలో, రాజ్యాంగమూ రెవెన్యూ వ్యవస్థా అర్థమైన లాయర్‌కి పని కరువు ఉండదు.

విలేకరి పని గురించి ఎక్కువ చెప్పను. మండలం కంట్రిబ్యూటర్‌కి వచ్చేది పెట్రోలు ఖర్చుకు కూడా చాలదు. డెస్క్‌లో చేరగలిగితేనే అది ఉద్యోగం.

2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలైనప్పుడు జరిగింది మాత్రం మనం మర్చిపోకూడదు. లక్షకు పైగా పోస్టులు ఒక్కసారి తీశారు. పంచాయతీ కార్యదర్శి, మహిళా పోలీసు, వెల్ఫేర్ అసిస్టెంట్ లాంటివాటికి ఏ డిగ్రీ అయినా సరిపోయింది. బీయే పిల్లలు చాలామంది వచ్చారు. ప్రొబేషన్లో నెలకు 15,000. దాన్ని తక్కువ అని నవ్వినవాళ్ళు ఉన్నారు. ఆ రోజు చేరినవాళ్ళు ఇవాళ స్కేలు మీద జీతం తీసుకుంటున్నారు. చేరకుండా ఇంకా పెద్దది వస్తుందని కూర్చున్నవాళ్ళలో కొందరు ఇంకా కూర్చునే ఉన్నారు. మా విద్యార్థుల్లో కళ్యాణదుర్గం వైపు అమ్మాయి ఒకతి ఆ నియామకాల్లో చేరింది. ఉద్యోగం చేస్తూ దూరవిద్యలో ఎంఏ పూర్తి చేసింది, గ్రూప్-2 కూడా రాస్తోంది. ఎదురుచూపు ఆమెకూ ఉంది. కాకపోతే దాని ఖర్చు ఇంటి మీద పడటం లేదు.

ఆమె సంగతి చెప్పగానే ఇంకో విషయం చెప్పాలనిపిస్తుంది. ఎదురుచూపుకి గడువు పెట్టడం మన ఇళ్ళల్లో ఆడపిల్లలకే ఉంది. "ఒక ఏడాది సూస్తాం, రాకపోతే సంబంధాలు సూస్తాం" అని తేల్చేస్తారు. ఆ గడువు ఆమె పెట్టుకున్నది కాదు, అందులో న్యాయం లేదు. అదే ఇంట్లో కొడుక్కి గడువే ఉండదు. ఏడేళ్ళయినా "వాడికి వస్తాది" అంటారు. కూతురు గవర్నమెంట్ హాస్టల్లో ఉండి తెచ్చుకున్న డెబ్భై శాతం మార్కులను పక్కన పెట్టి, కొడుకు గది అద్దెకు ఆమె కమ్మలు కుదువ పెట్టిన ఇల్లు నేను చూశాను. ఇద్దరికీ ఒకే గడువు, ఇద్దరికీ ఒకే డబ్బు పెట్టండి. రెండేళ్ళు. ఆ రెండేళ్ళలో ఏదైనా సంపాదన చేస్తూ చదవడం. ఇంతకు మించి ఏ పరీక్షా విలువైనది కాదని నా గట్టి నమ్మకం.

సరే, గ్రూప్స్ వదిలేస్తే ఈ సబ్జెక్టు నేర్పేదానికి మన జిల్లాల్లో పని ఉందా? ఉంది. మనం దాన్ని పనిగా చూడటం లేదు.

జాతీయ ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైంది మన దగ్గరే. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో. అనంతపురం నుంచి బస్సులో పోయి సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఆ పథకంలో మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు), కొలతలు, చెల్లింపులు సరిచూసే సామాజిక తనిఖీని పెద్ద ఎత్తున చేసి చూపించింది కూడా మన రాష్ట్రమే. దానికోసం 2009లో ప్రత్యేక సంస్థను పెట్టారు. ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి, జాబ్ కార్డులో ఉన్న రోజులకూ మస్టర్లో ఉన్న రోజులకూ తేడా పట్టి, ప్రజావేదికలో అందరిముందు చదివి వినిపించే పని అది. జవాబుదారీతనం అని మేము పాఠంలో చెప్పేది అక్కడ కళ్ళముందు జరుగుతుంది. ఇలాంటి పనికి కావలసింది రికార్డు చదవడం, మనిషితో మాట్లాడి నిజం రాబట్టడం, విన్నది రిపోర్టుగా రాయడం. ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) లాంటి సంస్థ 1969 నుంచి ఈ జిల్లాలో పని చేస్తోంది. అలాంటి స్వచ్ఛంద సంస్థలకు, సర్వేలు చేసే వాళ్ళకు, పంచాయతీలకు, చిన్న లాయర్ ఆఫీసులకు కావలసినది కూడా ఈ మూడు పనులు వచ్చిన మనిషే. జీతాలు పెద్దవి కావు. కానీ డిగ్రీ అయిన నెలలో మొదలవుతాయి.

ఇంకా ఈ నేల సంగతులే ఒక సిలబస్. కోస్తా, సీమ నాయకులు చేసుకున్న 1937 శ్రీబాగ్ ఒప్పందం, 1953లో రాజధాని కర్నూలుకు రావడం, 1956లో పోవడం, 2020లో న్యాయ రాజధాని అంటూ చట్టం చేసి 2021 నవంబరులో దాన్ని వెనక్కి తీసుకోవడం. కృష్ణా నీళ్ళు పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి రాష్ట్రానికి 811 టీఎంసీలు ఇచ్చినప్పుడు సీమకు ఏం మిగిలింది, హంద్రీ-నీవా ఎత్తిపోతల పథకం మిగులు జలాల మీద ఆధారపడటం అంటే ఏమిటి. ఈ విషయాల మీద టీ అంగడి దగ్గర అందరూ అరుస్తారు, కాగితం చేతిలో పట్టుకుని మాట్లాడేవాళ్ళు తక్కువ. ఆ కొద్దిమందిని తయారుచేసే చదువు ఇది. సీమలో దీన్ని దండగ అనడం నాకు బాధగా ఉంటుంది. అయినా ఈ బాధను నేను తల్లిదండ్రుల మీద రుద్దను. సీమ కోసం నీ కొడుకు పస్తులుండాలని ఏ తండ్రికీ చెప్పే హక్కు నాకు లేదు. అందుకే ముందు సంపాదన గురించే మాట్లాడాను.

ఇందులో కాలేజీలు చేయాల్సింది చాలా ఉంది. 2020-21 బ్యాచ్ నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ పిల్లలకు పది నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు. మొదటి ఏడాది తర్వాత రెండు నెలలు సమాజ సేవా ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత రెండు నెలలు, ఆఖర్లో ఒక సెమిస్టర్ మొత్తం. దేశంలో బీయే పిల్లలకు ఇంత సమయం ఇచ్చిన చోట్లు ఎక్కువ లేవు. దాన్ని మనం ఏం చేశాం? చాలాచోట్ల రికార్డు పుస్తకం జిరాక్స్ షాపులో దొరుకుతోంది. పేరు, హాల్ టికెట్ నంబరు మారిస్తే సరి. సైన్స్ పిల్లలను ల్యాబుకో కంపెనీకో పంపుతారు. పొలిటికల్ సైన్స్ పిల్లలను ఎక్కడికి పంపాలో తెలియక సంతకం పెట్టి పంపేస్తున్నారు. పది నెలలు అంటే చిన్న మాట కాదు. డిగ్రీకీ ఉద్యోగానికీ మధ్య ఉన్న గుంత పూడ్చడానికి ప్రభుత్వం చేతికిచ్చిన సమయం అది. చౌకగా వచ్చిన డిగ్రీని పనికొచ్చే డిగ్రీగా మార్చే అవకాశం ఇంతకంటే దగ్గరగా ఇంకెక్కడా లేదు.

పంపే చోట్లు ఉన్నాయి. మండల పరిషత్ ఆఫీసులో రెండు నెలలు కూర్చుని పంచాయతీకి ఆర్థిక సంఘం నిధులు ఎలా వస్తాయో, ఏ పద్దులో ఖర్చవుతాయో చూడొచ్చు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వచ్చే అర్జీలు ఎలా పరిష్కారమవుతాయో చూడొచ్చు. తహసీల్దార్ ఆఫీసులో మ్యుటేషన్ (భూమి రికార్డులో పేరు మార్పు) ఫైలు ఎన్ని బల్లలు దాటుతుందో రాసుకోవచ్చు. సమాచార హక్కు దరఖాస్తుకు మన రాష్ట్రంలో గ్రామస్థాయిలో ఫీజు లేదు, మండలస్థాయిలో ఐదు రూపాయలు, ఆ పైన పది. ఒక్కో విద్యార్థి తన ఊరి మీద ఒక దరఖాస్తు పెట్టి, వచ్చిన జవాబును ఊళ్ళో చూసిన వాస్తవంతో పోల్చి, తెలుగులో ఇరవై పేజీలు, ఇంగ్లీషులో ఐదు పేజీలు రాస్తే చాలు. ఇంటర్వ్యూకి పోయినప్పుడు మార్కుల మెమో పక్కన పెట్టడానికి అతని దగ్గర సొంతంగా చేసిన పని ఉంటుంది.

మా కాలేజీలో ఆఖరి సెమిస్టర్ పిల్లలతో ఈ పద్ధతి మొదలుపెట్టాం. అధికారులు కొందరు కుర్చీ వేసి కూర్చోబెట్టారు, కొందరు గేటు దగ్గరే ఆపేశారు. అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల్లో పనిచేసే ఎంపీడీఓలు, లాయర్లు, స్వచ్ఛంద సంస్థలవాళ్ళు, డెస్క్‌లో ఉన్న విలేకరులు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మనవి. ఒక్కొక్కరు ఇద్దరు పిల్లలను తీసుకోండి. జీతం ఇవ్వనక్కర్లేదు, బస్ పాసు వాళ్ళకు ఉంది. మధ్యాహ్నం అన్నం వేళకు పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్ళు రాసిన రిపోర్టు చదివి, ఎక్కడ తప్పుందో ఎర్ర పెన్నుతో దిద్ది పంపించండి.